వీడియో చూడటానికి కట్టే కప్పం ఎవరికి చేరుతోంది?



కిందటి నెల ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. విడివిడిగా చూస్తే రెండూ చిన్నవే. కలిపి చూశాక ఈ వ్యాసం రాయక తప్పలేదు.

మొదటిది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి మనవడి పుట్టినరోజు వీడియో పంపింది. ఫోనులో తీసింది. ఇక్కడ రాయపూర్‌లో నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పాట వినిపిస్తోంది గానీ బొమ్మ లేదు. ఈ వీడియో చూడాలంటే హెచ్ఈవీసీ అనే కోడెక్ కొనుక్కోవాలని తెర మీద సందేశం వచ్చింది. వంద రూపాయల లోపే. డబ్బు పెద్ద సంగతి కాదు. ల్యాప్‌టాప్‌కి నేను డబ్బు కట్టాను. ఫోనుకి మా అమ్మాయి కట్టింది. ఇంటర్నెట్‌కి ఇద్దరం నెలనెలా కడుతున్నాం. వీడియోలో ఉన్నది మా మనవడు. ఇంకా ఎవరికి బాకీ ఉన్నాం?

రెండోది. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. ఫోనులో, టీవీలో మనం చూసే ప్రతి వీడియో వెనక ఉన్న విద్యను కనిపెట్టింది కె.ఆర్. రావు అనే తెలుగువాడట. అమెరికా కంపెనీలు ఆయన దగ్గర దాన్ని దొంగిలించి లక్షల కోట్లు రాయల్టీ సంపాదించాయట. చివర్లో మామూలే. ఇదంతా మన పూర్వీకులకు ముందే తెలుసట. "గర్వపడే ప్రతి తెలుగువాడూ షేర్ చేయండి" అని ముగింపు. పదిహేను మంది దండాలు పెట్టారు. ఒక్కరూ ప్రశ్న అడగలేదు.

నేను చదివింది బి.కాం. మూడున్నర దశాబ్దాలు రక్షణ లెక్కల శాఖలో బిల్లులు పరిశీలించి రిటైరయ్యాను. ఇంజనీరింగ్ నా విద్య కాదు. కానీ బల్ల మీదికి బిల్లు వస్తే అడగవలసిన ప్రశ్నలు నాకు తెలుసు. డబ్బు ఎవరికి? దేనికి? ఏ కాలానికి? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే, బిల్లు పెట్టింది జనరల్ గారైనా సరే, వెనక్కి పంపేవాళ్లం. వీడియో రాయల్టీ బిల్లును కూడా అలాగే చూద్దాం. దారిలో ఆ ఫార్వర్డ్ నిజానిజాలు కూడా తేలతాయి.

ముందుగా అసలు కుదించడం ఎందుకో ఒక లెక్క వేద్దాం. పాత టీవీ బొమ్మ అంటే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకి 25 బొమ్మలు. చుక్కకి 12 బిట్లు చొప్పున వేస్తే సెకనుకి దాదాపు 12.4 కోట్ల బిట్లు. 4.7 గిగాబైట్ల డీవీడీలో ఇలాంటి వీడియో సరిగ్గా ఐదు నిమిషాలు పడుతుంది. మరి అదే డీవీడీలో రెండు గంటల సినిమా ఎలా పట్టింది? పాతిక వంతుల్లో ఒక వంతుకు కుదించారు కాబట్టి.

ఎలా కుదిస్తారు? బొమ్మను 8 నిలువు, 8 అడ్డం గళ్ల చిన్న చిన్న చదరాలుగా కోస్తారు. ఒక్కో చదరంలో 64 అంకెలు. ఆ 64 అంకెలనూ ఉన్నవున్నట్టు రాయరు. ఒక గణిత సూత్రంతో మారుస్తారు. మారిన తర్వాత మొదటి అంకె మొత్తం చదరం సగటును చెబుతుంది. తర్వాతి కొన్ని పెద్ద తేడాలను చెబుతాయి. మిగిలినవి కంటికి ఆనని పైసల్లాంటివి. పైసలు వదిలేసి రూపాయల్లోకి రౌండ్ చేస్తే బాలెన్స్‌షీటు చూసేవాడికి తేడా తెలియనట్టే, ఇక్కడా కన్ను పట్టుకోలేదు. ఇక తర్వాతి బొమ్మకి మొత్తం మళ్లీ రాయకుండా, మారిన చోటు మాత్రమే రాస్తారు. మా ఆఫీసులో రూల్సు మారితే పుస్తకం మొత్తం అచ్చువేయకుండా కరెక్షన్ స్లిప్పు అంటించేవాళ్లం కదా, అలాగ.

ఆ గణిత సూత్రం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్. పొట్టిగా డీసీటీ. దాన్ని లోకానికి చెప్పిన పత్రం 1974 జనవరిలో ఐఈఈఈ వారి కంప్యూటర్ల పత్రికలో వచ్చింది. నాలుగు పేజీలు. కింద మూడు పేర్లు: ఎన్. అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు.

ఫార్వర్డ్‌లో మూడో పేరు ఒక్కటే ఉంది. మొదటి పేరు ఏమైంది? ఈ ఆలోచన పుట్టింది నసీర్ అహ్మద్ అనే ఆయన బుర్రలో. 1940లో బెంగుళూరులో పుట్టి, అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. 1972లో ఈ ఆలోచన మీద పనిచేయడానికి గ్రాంటు ఇమ్మని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక సమీక్షకుడు తేల్చాడట. ఈ సంగతి అహ్మద్ గారే 1991లో రాసుకున్నారు. గ్రాంటు రాకపోయినా తన పీహెచ్‌డీ విద్యార్థి నటరాజన్‌నీ, ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ యూనివర్సిటీలో ఉన్న మిత్రుడు రావుగారినీ కలుపుకుని, 1973 వేసవంతా దీని మీదే కూర్చున్నారు. వచ్చిన ఫలితం మరీ బాగుండటంతో తనకే నమ్మకం కుదరక, ఆ రంగంలో పెద్దవాడైన ఇంకొకాయనకు చూపించి సరిచూసుకున్నారు. ఇది శాస్త్రజ్ఞుడి లక్షణం. మంచి ఫలితం వస్తే ముందు అనుమానించాలి.

కె.ఆర్. రావు అంటే కామిసెట్టి రామమోహనరావు. ఇంటిపేరు తెలుగు ఇంటిపేరే. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1952లో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసరుగా ఉన్నారు. డీసీటీ మీద 1990లో పాట్రిక్ యిప్‌తో కలిసి పుస్తకం రాశారు. 2021 జనవరిలో చనిపోయారు. ఆయన గొప్పతనం చెప్పడానికి అబద్ధం అక్కర్లేదు. బెంగుళూరు ముస్లిం పేరు కొట్టేసి మన పేరు ఒక్కటే ఉంచుకుంటే ఆయన గౌరవం పెరగదు, మన గౌరవం తగ్గుతుంది.

ఇక దొంగతనం సంగతి. దొంగిలించడానికి అక్కడ తాళం వేసిన పెట్టె లేదు. ముగ్గురూ డీసీటీని పేటెంట్ చేయలేదు. పత్రికలో అచ్చువేసి, కావలసినవాడు వాడుకోమని వదిలేశారు. ఆ రోజుల్లో వాతావరణం కూడా అలాంటిదే. 1972లో గోట్‌షాక్ వర్సెస్ బెన్సన్ కేసులో, అంకెలు మార్చే ఒక అల్గారిథమ్‌కు పేటెంట్ ఇవ్వడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. రెండు విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. ప్రజల డబ్బుతో జీతం తీసుకునేవాళ్లు కనిపెట్టినది ప్రజలకే చేరింది. "మన పూర్వీకులకు ముందే తెలుసు" అన్న మాటకి మాత్రం నేను వేరే సమాధానం రాయను. తెలిసి ఉంటే వాళ్లైనా ఆ సూత్రాన్ని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

ఆ నాలుగు పేజీల మీద తర్వాత కట్టిన మేడలు చూడండి. వీడియో ఫోన్ల కోసం హెచ్.261, ఫొటోల కోసం 1992లో జేపెగ్, వీసీడీల ఎంపెగ్-1, డీవీడీల, డిజిటల్ టీవీల ఎంపెగ్-2, ఆ తర్వాత 2003లో హెచ్.264. అన్నిటి పునాదిలోనూ డీసీటీ గానీ, దాని పూర్ణాంకాల రూపం గానీ ఉంది. పునాది ఉచితం. మరి బిల్లు ఎక్కడ మొదలైంది?

ముందుగా ఒక చెడ్డ బిల్లు చూద్దాం. డీసీటీని మొదట్లో వ్యాపారంలోకి తెచ్చిన కంపెనీల్లో కంప్రెషన్ ల్యాబ్స్ ఒకటి. ఆ కంపెనీ ఇంజనీర్లు అంకెలను పొదుపుగా రాసే ఒక పద్ధతికి 1986లో అమెరికా పేటెంటుకు దరఖాస్తు చేశారు. డీసీటీ పత్రం వచ్చిన 12 ఏళ్ల తర్వాత. కంపెనీ చేతులు మారింది, పేరు మారింది. చివరికి ఆ పేటెంట్ ఫోర్జెంట్ అనే కంపెనీకి వారసత్వంగా వచ్చింది. 2002లో, అంటే జేపెగ్ వచ్చిన పదేళ్లకు, లోకమంతా కోట్ల ఫొటోలు జేపెగ్‌లో దాచుకున్నాక, "జేపెగ్ వాడేవాళ్లంతా మాకు కట్టాలి" అంటూ ఫోర్జెంట్ బయల్దేరింది. 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2004లో పెద్ద పెద్ద కంపెనీల మీద కేసులు వేసింది. పబ్లిక్ పేటెంట్ ఫౌండేషన్ అనే సంస్థ పాత ఆధారాలు చూపించి అభ్యంతరం పెడితే, 2006లో అమెరికా పేటెంట్ ఆఫీసు అందులోని ప్రధాన క్లెయిములను మొదటి పరిశీలనలో తోసిపుచ్చింది. అదే ఏడాది మిగిలిన కేసులు 80 లక్షల డాలర్లకు రాజీ అయ్యాయి. అప్పటికే కట్టినవాళ్లు కట్టారు. సొమ్మొకడిది, సోకొకడిది. సూత్రం ఇచ్చిన ముగ్గురికీ దాని మీద రాయల్టీ సున్నా. జేపెగ్‌లో వేలు పెట్టని కంపెనీకి 10 కోట్ల డాలర్లు.

అయితే ఈ ఒక్క కథ చెప్పి "పేటెంట్లన్నీ దొంగతనమే" అని తీర్పు చెబితే నేనూ ఆ ఫార్వర్డ్ రాసినవాడి లాంటివాణ్నే అవుతాను. రెండో వైపు కూడా చూడాలి.

డీసీటీ ఒక్కటే వీడియో కాదు. బొమ్మలో వస్తువు ఎటు కదిలిందో వెతకడం, అంకెలను ఇంకా పొట్టిగా రాయడం, గళ్ల అంచులు కనబడకుండా నునుపు చేయడం, వీటన్నిటి మీద సోనీ, ఫిలిప్స్, మిత్సుబిషి, ఫుజిత్సు, కొలంబియా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఎందరో ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లకీ జీతాలు ఇవ్వాలి. ఒక్కో డీవీడీ ప్లేయరు తయారీదారుడు ఇంతమంది దగ్గరకీ విడివిడిగా వెళ్లి బేరాలాడటం అసాధ్యం. అందుకని 1990ల చివర్లో ఎంపెగ్ ఎల్‌ఏ అనే సంస్థ పుట్టింది. ఎంపెగ్-2కి తప్పనిసరి అయిన పేటెంట్లన్నీ ఒకచోట చేర్చి, ఒకే లైసెన్సు, ఒకే ధర అంది. 1997లో అమెరికా న్యాయశాఖ షరతులతో సరేనంది. తప్పనిసరి పేటెంట్లే చేర్చాలి. అవి నిజంగా తప్పనిసరో కాదో బయటి నిపుణుడు పరీక్షించాలి. అందరికీ ఒకే షరతులుండాలి. మొదట 27 పేటెంట్లు. ధర పెట్టెకి 4 డాలర్లు. 2002లో 2.50 అయింది. తర్వాత 2 డాలర్లకు దిగింది. 2018 ఫిబ్రవరితో అమెరికాలో ఎంపెగ్-2 పేటెంట్ల గడువు తీరిపోయింది.

ఈ బిల్లును నేనైతే పాస్ చేసేవాణ్ని. ఎవరికి? జాబితా ఉంది. దేనికి? పరీక్షించినవాడున్నాడు. ఏ కాలానికి? ముగింపు తేదీ ఉంది. ధర ఎక్కువో తక్కువో వేరే చర్చ.

ఆ ధర పేదవాడి సరుకు మీద ఎలా పడుతుందో మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2000ల చివర్లో ఇక్కడి బజారులో ఊరూపేరూ లేని డీవీడీ ప్లేయర్లు వెయ్యి, పదిహేను వందలకు అమ్మేవారు. ఆ రోజుల్లో, 2009లో, అలాంటివి తయారుచేసే ఇద్దరు చిన్న తయారీదారుల మీద ఫిలిప్స్ ఢిల్లీ హైకోర్టులో కేసులు వేసింది. అక్కడి పేటెంట్ కుదింపుకు చెందింది కాదు. డిస్కు మీది గుర్తులను తిరిగి అంకెలుగా చదివే పరికరానికి చెందింది. కానీ సూత్రం ఒకటే. డీవీడీ ప్రమాణానికి అది తప్పనిసరి. 2018 జూలైలో తీర్పు వచ్చింది. 2010 మే 27 దాకా ప్లేయరుకి 3.175 డాలర్లు, ఆ మర్నాటి నుంచి 1.90 డాలర్లు కట్టాలి. అప్పటి మారకంతో మొదటి ధర సుమారు 150 రూపాయలు. వెయ్యి రూపాయల సరుకులో ఒక్క పేటెంటుకి 150. ఆ పేటెంట్ గడువు 2015 ఫిబ్రవరిలోనే తీరిపోయింది. తీర్పు వచ్చేసరికి డీవీడీ ప్లేయర్లు పాత సామాన్ల వాళ్ల తోపుడుబండి మీదికి చేరాయి.

తర్వాత హెచ్.264. ఎంపెగ్ ఎల్‌ఏ ధర ఇలా ఉండేది: ఏడాదికి మొదటి లక్ష పరికరాలు ఉచితం, అక్కడి నుంచి 50 లక్షల దాకా 20 సెంట్లు, ఆపైన 10 సెంట్లు. దీనికి తోడు ఒక కంపెనీ ఏడాదికి ఇంతకు మించి కట్టక్కర్లేదని పరిమితి. 2011-15లో ఆ పరిమితి 65 లక్షల డాలర్లు. లెక్క వేయండి. ఏడాదికి కోటి పరికరాలు అమ్మే కంపెనీకి 14.8 లక్షల డాలర్లు, అంటే ఒక్కోదానికి దాదాపు 15 సెంట్లు. పది కోట్లు అమ్మే కంపెనీ పరిమితి దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఒక్కోదానికి ఆరున్నర సెంట్లు. పెద్దవాడికి సగం కంటే తక్కువ. టోకు బేరంలో ఇది మామూలే అనవచ్చు. కానీ ఇది చిన్నవాడి నెత్తిన ఎక్కువ పడే పన్ను అని తెలిసి ఉండటం మంచిది.

ఇంటర్నెట్ వీడియోకి కూడా వసూలు చేస్తారేమోనని 2010లో పెద్ద అలజడి రేగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో గూగుల్ ఆన్2 అనే కంపెనీని కొనేసింది. మేలో దాని వీపీ8 కోడెక్‌ను అందరికీ ఉచితంగా వదిలింది. ఆగస్టులో ఎంపెగ్ ఎల్‌ఏ, జనం ఉచితంగా చూసే ఇంటర్నెట్ వీడియో మీద ఎప్పటికీ రాయల్టీ అడగబోమని ప్రకటించింది. మే తర్వాత ఆగస్టు వచ్చింది కాబట్టి ఇదే కారణమని నేను ముద్ర వేయను. కానీ పక్కన ఇంకో దుకాణం తెరిస్తే మొదటి దుకాణంవాడి ధర మెత్తబడటం మనకు కొత్త కాదు.

ఇక నా ల్యాప్‌టాప్ అడిగిన హెచ్ఈవీసీ. 2013లో వచ్చింది. అదే నాణ్యతకి హెచ్.264లో దాదాపు సగం బిట్లు చాలు. విద్య గొప్పదే. బిల్లు మాత్రం చెడింది. ఎంపెగ్ ఎల్‌ఏ 20 సెంట్లు, పరిమితి రెండున్నర కోట్ల డాలర్లు అంది. 2015లో హెచ్ఈవీసీ అడ్వాన్స్ అనే రెండో హుండీ తెరుచుకుంది. పెద్ద టీవీకి ఒకటిన్నర డాలరు దాకా, పైగా సినిమాలు చూపించేవాళ్ల రాబడిలో అర శాతం, పరిమితి లేదు అంది. గగ్గోలు పుట్టాక ఆ డిసెంబరులో తగ్గించి పరిమితి పెట్టింది. 2017లో వెలోస్ మీడియా అనే మూడో హుండీ వచ్చింది. ఏ హుండీలోనూ చేరని పేటెంటుదారులు మరికొందరు. మొత్తం ఎంత కట్టాలో, ఎవరికి కడితే ఇంకెవరూ అడగరో ముందుగా చెప్పగలిగినవాడు లేడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. అప్పట్లో ఇక్కడ పూజారులు ముగ్గురు, గుడి బయట మరికొందరు.

ఈ మాట అన్నది పేటెంట్ల వ్యతిరేకులు మాత్రమే కాదు. 1988లో ఎంపెగ్ బృందాన్ని మొదలుపెట్టి ముప్పై ఏళ్లు నడిపిన లియొనార్డో కియారిలియోనే స్వయంగా 2018 జనవరిలో, తమ పద్ధతి విరిగిపోయిందని రాశారు. అప్పటికే గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, సిస్కో, మొజిల్లా 2015లో ఒక కూటమి కట్టాయి. 2018లో ఏవీ1 అనే రాయల్టీ లేని కోడెక్‌ను విడుదల చేశాయి. ఇది దానధర్మమని అనుకోకండి. రోజూ కోట్ల గంటల వీడియో పంపేవాళ్లకు రాయల్టీ ఖర్చు తగ్గితే లాభం వాళ్లదే. "ఉచితం" అన్న మాటనూ పరీక్షించాలి. 2019లోనే సిస్‌వెల్ అనే సంస్థ, ఏవీ1లో మా సభ్యుల పేటెంట్లు ఉన్నాయి, తెర ఉన్న పరికరానికి 32 యూరో సెంట్లు కట్టండంటూ హుండీ పెట్టింది. 2025లో హెచ్‌పీ, డెల్ తమ కొన్ని ల్యాప్‌టాప్ మోడళ్లలో, చిప్పులోనే ఉన్న హెచ్ఈవీసీ సదుపాయాన్ని ఆపేసిన వార్త వచ్చింది. పనిచేసే యంత్రం ఉండీ దాన్ని వాడనివ్వకపోవడం! గడియారం కొని ముళ్లు కదలకుండా కట్టేసినట్టుంది.

ఇప్పుడు మూల ప్రశ్నకు వద్దాం. "రాయల్టీ లేకపోతే ఎవడూ ఏదీ కనిపెట్టడు" అన్నది ఈ రోజుల్లో వేదవాక్యంలా చెలామణి అవుతోంది. దానికి ఎదురుగా 1974 నాటి నాలుగు పేజీలు ఉన్నాయి. గ్రాంటు కూడా రాని వేసవిలో, పేటెంట్ ఆశ లేకుండా, వీడియో విద్యలో అతి ముఖ్యమైన మెట్టు కట్టారు. అంటే ఆ వాక్యం సార్వత్రిక సత్యం కాదు. అలాగే "రాయల్టీ అంతా దోపిడీ" అన్నదీ సత్యం కాదు. ఎంపెగ్-2 హుండీలో కొలంబియా విశ్వవిద్యాలయం వాటా కూడా ఉండేది. పనిచేసినవాళ్లకు చేరిన డబ్బూ ఉంది. ఏ బిల్లుకి ఆ బిల్లు విడిగా పరిశీలించాలి. విశ్వాసంతో పాస్ చేయకూడదు, కోపంతో తిప్పికొట్టకూడదు.

మన దేశ చట్టం ఈ విషయంలో ఒక గీత గీసింది. పేటెంట్ల చట్టంలో 3(కె) ప్రకారం గణిత పద్ధతికీ, అల్గారిథమ్‌కీ, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకీ పేటెంట్ లేదు. 2004 డిసెంబరులో ఆర్డినెన్సుతో ఈ గీతను కొంత చెరపబోయారు. 2005లో పార్లమెంటు ఆ సవరణను ఒప్పుకోలేదు. గీత అలాగే ఉంది. అంతమాత్రాన పరికరాల పేటెంట్లు ఆగవని ఫిలిప్స్ కేసు చూపించింది. కాబట్టి గీత ఎక్కడుందో, దాన్ని ఎవరు ఎటు జరుపుతున్నారో మనం కనిపెట్టి ఉండాలి. గుడి హుండీ లెక్కలు అడిగే హేతువాదులం, ఈ హుండీ లెక్కలు మాత్రం ఇంజనీర్ల వ్యవహారమని వదిలేయకూడదు.

మా మనవడి వీడియో సంగతి చెప్పి ముగిస్తాను. పక్కింటి కాలేజీ కుర్రాడు వచ్చి వీఎల్‌సీ అనే ప్లేయరు వేసిపెట్టాడు. పారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో మొదలుపెట్టింది. ఉచితం. ఫ్రాన్సులో సాఫ్ట్‌వేర్ పేటెంట్లు చెల్లవన్నది వాళ్ల వాదన. వీడియో ఆడింది. మనవడు కొవ్వొత్తి ఊదకుండా కేకులో వేలు పెట్టాడు.

వాట్సాప్ గ్రూపులో నేను మూడు పేర్లూ వరసగా రాసి, పేటెంట్ లేదనీ, దొంగతనం జరగలేదనీ పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత భిలాయ్ నుంచి ఒక మిత్రుడు అడిగాడు: "అంతా సరేనండీ, మరి రావుగారు మనవాడే కదా?"

మనవాడే. అహ్మద్ గారూ మనవాడే, నటరాజన్ గారూ మనవాడే. నాలుగు పేజీలు అచ్చువేసి అందరికీ ఇచ్చేసిన రోజునుంచి ముగ్గురూ అందరివాళ్లే.